తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఒక సినిమా

ప్రశ్న:

నాకు నలభై దాటాయి. సొంతూరు తెనాలి, ఉండేది అమెరికాలో, డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వేసవి వస్తే దాదాపు ప్రతి శనివారం సాయంత్రం మా ఊరి మైనర్ లీగ్ (మేజర్ లీగ్‌కి కింది స్థాయి) బేస్‌బాల్ జట్టు రఫ్‌రైడర్స్ ఆట చూడడానికి ఒక్కడినే వెళ్తాను. అప్పుడప్పుడు ఆర్లింగ్టన్ దాకా వెళ్ళి మేజర్ లీగ్ జట్టు రేంజర్స్ ఆట కూడా చూస్తాను. మావాళ్ళంతా గ్రాండ్ ప్రెయిరీలో క్రికెట్‌కి పోతుంటే నాకు ఈ పిచ్చేమిటని అందరూ నవ్వుతారు.

అసలు పిచ్చి వేరే ఉంది. ఆట చూస్తూ లేని సినిమాలు కల్పిస్తుంటాను. పేరు, హీరో, విలన్, ఇంటర్వెల్, పాటలు ఎక్కడ రావాలి, చివరికి పత్రికల్లో రివ్యూ ఎలా వస్తుంది అన్నీ నోట్‌బుక్కులో రాసుకుంటాను. మొన్న ఒక ఎడమచేతి వాటం పిచర్ (బంతి విసిరేవాడు) బుల్‌పెన్‌లో, అంటే పిచర్లు సిద్ధమయ్యే చోట, వార్మప్ చేస్తుంటే ‘ఎడమ కత్తెర’ పుట్టింది. తెనాలిలో ఒక ఎడమచేతి వాటం టైలరు జీవితమంతా కుడిచేతి కత్తెరతో బట్టలు కత్తిరిస్తాడు. అదీ కథ. బంతి వెయ్యడానికి గడువు పెట్టే పిచ్ క్లాక్ వచ్చాక ఆటలు తొందరగా అయిపోయి నా సినిమాలు సెకండాఫ్‌లో ఆగిపోతున్నాయి, అది ఇంకో బాధ.

ఈ మధ్య మా పన్నెండేళ్ళ అమ్మాయి ఆ నోట్‌బుక్కు చదివి పగలబడి నవ్వింది. ‘ఇందులో విలన్‌కి ఎందుకంత కోపం?’ అని అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. మా ఆవిడ ‘వీటివల్ల ఏం ఉపయోగం?’ అంటుంది. ఒక మిత్రుడేమో షార్ట్ ఫిల్మ్ తీయి, లేకపోతే ఏఐతో పోస్టర్లు చేసి ఇన్‌స్టాలో పెట్టు, ఏదీ చేయకపోతే మానెయ్ అంటున్నాడు. శనివారం పిల్లల కూచిపూడి క్లాసు, కిరాణా, వంట మా ఆవిడ మీద పడుతున్న మాట నిజమే. నేను మానెయ్యాలా?

– ఫ్రిస్కో నుంచి ఒక పాఠకుడు

జవాబు:

మానక్కర్లేదు. షార్ట్ ఫిల్మ్ తీయక్కర్లేదు. శనివారం మాత్రం మార్చుకోవాలి. దాని సంగతి చివర్లో మాట్లాడుకుందాం, మీరూ దాన్ని చివర్లోనే రాశారు కాబట్టి.

మీకు రెండు పిచ్చిలు ఉన్నాయని మీరు అనుకుంటున్నారు. నాకు ఒకటే కనిపిస్తోంది. ‘ఎడమ కత్తెర’ మీకు ఇంట్లో సోఫాలో కూర్చుంటే పుట్టలేదు, బుల్‌పెన్ వైపు చూస్తుంటే పుట్టింది. ఎడమచేతి వాటం వాళ్ళకి బేస్‌బాల్‌లో ఉన్నంత విచిత్రమైన బతుకు ఇంకే ఆటలోనూ ఉండదేమో. పిచర్‌గా వాళ్ళని వెతికి వెతికి తెచ్చుకుంటారు. బ్యాటర్ పరుగెత్తి చేరాల్సిన మొదటి మజిలీ ఫస్ట్ బేస్, అక్కడ వాళ్ళుంటే మంచిదంటారు. అదే షార్ట్‌స్టాప్‌గానో (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడేవాడు), థర్డ్ బేస్‌లోనో, క్యాచర్‌గానో (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడు) ఎడమచేతి వాడు పెద్ద లీగుల్లో దాదాపు కనపడడు. షార్ట్‌స్టాప్, థర్డ్ బేస్ స్థానాల నుంచి ఫస్ట్ బేస్‌కి బంతి విసరాలంటే ఎడమచేతి వాడు ఒళ్ళంతా తిప్పుకోవాలి, ఆ అర సెకనులో బ్యాటర్ బేస్ చేరిపోతాడు. ఒకే చెయ్యి ఒకచోట వరం, ఇంకోచోట ‘వద్దు బాబూ’. ఇది మీకు తెలిసే ఉంటుంది, కానీ మీ టైలరు కథలో ఎక్కడా వాడుకున్నట్టు లేదు. అతని ఎడమ చెయ్యి పనికొచ్చే చోటు ఒక్కటైనా ఊళ్ళో ఉండాలి కదా. సెకండాఫ్ ఆగిపోవడానికి కారణం పిచ్ క్లాక్ ఒక్కటే కాదని నా అనుమానం.

పిచ్ క్లాక్ సంగతి బేస్‌బాల్ తెలియని పాఠకుల కోసం చెప్తాను. 2023లో మేజర్ లీగ్ వాళ్ళు ఈ గడియారం పెట్టారు. బేస్‌ల మీద ఎవరూ లేకపోతే పిచర్ 15 సెకన్లలో బంతి వెయ్యడం మొదలుపెట్టాలి. బేస్ మీద మనిషి ఉంటే అప్పట్లో 20 సెకన్లు, ఆ మరుసటేడు దాన్ని 18 చేశారు. దాంతో 2022లో సగటున 3 గంటల 4 నిమిషాలు పట్టిన తొమ్మిది ఇన్నింగ్స్ ఆట 2023లో 2 గంటల 40 నిమిషాలకి వచ్చేసింది. మైనర్ లీగుల్లో దీన్ని అంతకుముందే అమలు చేశారు, అంటే మా ఫ్రిస్కో పాఠకుడి సినిమాలకి కత్తెర ముందే పడింది. ఇరవై నాలుగు నిమిషాలంటే మన సినిమాలో క్లైమాక్స్ ఫైటూ, దానికి ముందు వచ్చే ఏడుపు పాటా కలిపి. మీ బాధ న్యాయమైనదే.

కానీ గడియారం తినేసింది బంతికీ బంతికీ మధ్య సమయాన్ని. ఒక్కో ఇన్నింగ్స్‌లో రెండు జట్లూ చెరోసారి బ్యాట్ పడతాయి, అలా జట్లు మారే విరామాలు అలాగే ఉన్నాయి. ఒక్కోటి రెండు నిమిషాల పైచిలుకు. తొమ్మిది ఇన్నింగ్స్ పూర్తిగా ఆడితే పదిహేడు విరామాలు, సొంత జట్టు ముందుంటే చివరి సగం ఆడరు కనుక పదహారు. విరామానికి ఒక సీను రాసుకోండి. ఏడో ఇన్నింగ్స్ మధ్యలో జనమంతా లేచి ఒళ్ళు విరుచుకుని పాట పాడతారు చూడండి, దాన్ని మీరు ఇంటర్వెల్ చేసి ఉంటారని నా ఊహ. చెయ్యకండి. అప్పటికి ఆట మూడింట రెండు వంతులు అయిపోయి ఉంటుంది. అంత ఆలస్యంగా ఇంటర్వెల్ వేస్తే మన జనం కుర్చీలు విరగ్గొడతారు. ఐదో ఇన్నింగ్స్ మధ్యలో వెయ్యండి.

ఇక ‘ఉపయోగం’ గురించి. బేస్‌బాల్‌కీ లేనిది ఊహించడానికీ చుట్టరికం పాతదే. 1930లలో అయోవా రాష్ట్రం డెమోయిన్‌లోని డబ్ల్యూహెచ్‌ఓ రేడియోలో ఒక కుర్ర వ్యాఖ్యాత షికాగో కబ్స్ ఆటలు చెప్పేవాడు. ఆట జరిగేది షికాగోలో, ఆయన కూర్చునేది వందల మైళ్ళ దూరంలో స్టూడియోలో. టెలిగ్రాఫ్ మీద ‘ఒక స్ట్రయిక్’, ‘ఒక బాల్’ అని పొడి మాటలు వచ్చేవి. వాటిని పట్టుకుని ఎండ ఎలా ఉందో, పిచర్ చెమట ఎలా తుడుచుకున్నాడో అన్నీ కల్పించి చెప్పేవాడు. ఒకరోజు ఆట మధ్యలో టెలిగ్రాఫ్ తీగ ఆగిపోయింది. ఆగిపోయిందని చెప్తే జనం వేరే స్టేషన్‌కి మారిపోతారు. ఏం చెయ్యాలి? కొట్టాల్సిన బంతిని కొట్టలేకపోతే స్ట్రయిక్, అవి మూడు పడితే బ్యాటర్ అవుట్. కానీ బేస్‌బాల్‌లో ఒక వెసులుబాటు ఉంది. రెండు స్ట్రయిక్‌ల తర్వాత బ్యాటర్ బంతిని గీతల బయటికి ఫౌల్ కొడితే దాన్ని మూడో స్ట్రయిక్‌గా లెక్కపెట్టరు, మళ్ళీ బంతి వెయ్యాల్సిందే. స్కోరు మారదు, మనిషి అవుట్ కాడు. కాబట్టి ఆయన తీగ తిరిగి పనిచేసేదాకా, నిమిషాల తరబడి, ఆ బ్యాటర్ చేత ఫౌల్ మీద ఫౌల్ కొట్టించాడు. ఒక బంతి పోయి స్టాండ్స్‌లో పడిందనీ, దానికోసం పిల్లలు కొట్టుకుంటున్నారనీ కూడా చెప్పాడు. ఆ కుర్రాడి పేరు రోనాల్డ్ రేగన్. అధ్యక్షుడయ్యాక కూడా ఈ కథ సరదాగా చెప్పుకునేవాడు. మీ ఆవిడకి ఈ కథ చెప్పమనడం లేదు. ‘అయితే మీరు ఎప్పుడవుతారు అధ్యక్షుడు?’ అంటుంది.

మీకు దగ్గరి బంధువు ఇంకొకాయన ఉన్నాడు, ‘ఆన్ ద రోడ్’ నవల రాసిన అమెరికన్ రచయిత జాక్ కెరువాక్. చిన్నప్పుడు గోలీలు, పళ్ళలో గుచ్చుకునే పుల్లలు, రబ్బరు ముక్కలతో మొదలుపెట్టి తర్వాత చీట్లతో ఆడే ఒక బేస్‌బాల్ ఆట సొంతంగా తయారుచేసుకున్నాడు. దానికి జట్లు, ఆటగాళ్ళు, మేనేజర్లు, స్కోర్లు, వార్తాపత్రికలు అన్నీ తన కల్పనే. జట్లకి కార్ల పేర్లు పెట్టాడు, ప్లిమత్‌లు, ఫోర్డ్‌లు అని. పెద్దయ్యాక, పేరు వచ్చాక కూడా ఆడుకుంటూనే ఉన్నాడు. కవి అలెన్ గిన్స్‌బర్గ్ లాంటి ఆప్తమిత్రులకి కూడా ఈ సంగతి తెలియదు. ఆయన పోయాక ఆ కాగితాలు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీకి చేరాయి. రోడ్ల వెంట తిరిగే మనిషిగా లోకం అనుకున్న ఆయన గదిలో కూర్చుని, లేని ఆటగాళ్ళ బ్యాటింగ్ సగటులు లెక్కవేసుకుంటూ ఉండేవాడన్నమాట. ఉపయోగం చూసుకుని ఆయన వీటిని మొదలుపెట్టలేదు.

ఇక్కడ ఆయన దారి మీకు వద్దంటాను. ఆయన దాచుకున్నాడు, మీరూ దాచుకున్నారు, కానీ మీది బయటపడిపోయింది. బయటపడ్డాక మళ్ళీ దాచడం అంటే ఇంట్లో ఒక అల్మారాకి తాళం వేసినట్టు, అందులో ఏముందా అని అందరి దృష్టీ దానిమీదే ఉంటుంది.

మీ అమ్మాయి నవ్వింది కరెక్టే. కానీ తర్వాత ఏం అడిగిందో మీరే రాశారు, ‘విలన్‌కి ఎందుకంత కోపం?’ అని. ఎగతాళి చేసే పిల్ల ఆ ప్రశ్న అడగదండీ. కథలోకి వెళ్ళిపోయిన ప్రేక్షకురాలు అడిగే ప్రశ్న అది. పైగా మంచి ప్రశ్న. మన సినిమాల్లో సగం మంది విలన్లకి కోపం ఎందుకో వాళ్ళకే తెలియదు. మీకు సిగ్గేసి జవాబు చెప్పి ఉండరు. ఈ వారం చెప్పండి.

పిల్లకి చూపించడానికి మీ రాతలకి ఒక ఆకారం కావాలంటే మన దగ్గరే ఒకటి ఉంది. మీ తరం దాని చివరి రోజులు చూసి ఉండొచ్చు, సినిమా హాలు బయట అమ్మే పాటల పుస్తకం. పల్చటి కాగితం, అట్ట మీద హీరో హీరోయిన్, లోపల తారాగణం, సాంకేతిక నిపుణుల పేర్లు, పాటలు. మొదట్లో ఒకటి రెండు పేజీల కథ. ఆ కథ సరిగ్గా ముడి పడ్డ చోట ఆగిపోయేది. ‘రంగారావు ఆ ఉత్తరం చదివాడా? లక్ష్మి ఏమైంది? వెండితెరపై చూడండి’ అని. తెలుగులో కథని ఎక్కడ ఆపాలో నేర్పిన పాఠశాల అది. మీ సినిమాలు ఎలాగూ వెండితెరకి రావు కాబట్టి మీకు అంతకంటే మంచి సాధనం లేదు. సెకండాఫ్ రాయక్కర్లేదు! ‘టైలరు ఎడమ చేత్తో ఆ కత్తెర ఎందుకు తీశాడు? వెండితెరపై చూడండి’ అని ఆపేయండి. మీ పిచ్ క్లాక్ సమస్య కూడా తీరిపోయింది. పాటలు మీ అమ్మాయిని రాయమనండి. అమెరికాలో పెరుగుతున్న పిల్ల తెలుగు రాయడానికి ఇంతకంటే మంచి హోంవర్క్ నేనైతే చెప్పలేను. ప్రాస కుదరకపోతే ఇంగ్లీషులో రాస్తుంది, మన సినిమా పాటలు చేస్తున్నదీ అదే.

ఆ పిల్లని ఒక ఆటకి తీసుకెళ్ళండి, నోట్‌బుక్కుతో సహా. ఎడమ పేజీలో ఆట స్కోరు, కుడి పేజీలో సినిమా. స్కోరు రాయడం మీకు వచ్చో లేదో ఉత్తరంలో లేదు. రాకపోతే కష్టమేమీ కాదు. ఆటగాళ్ళ స్థానాలకి అంకెలుంటాయి, పిచర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, థర్డ్ బేస్ 5, షార్ట్‌స్టాప్ 6, తర్వాత అవుట్‌ఫీల్డ్ ముగ్గురూ ఎడమ నుంచి కుడికి 7, 8, 9. షార్ట్‌స్టాప్ బంతి ఆపి సెకండ్ బేస్‌కి వేసి, అక్కణ్ణించి బంతి ఫస్ట్ బేస్‌కి వెళ్ళి, పరుగెత్తేవాడూ బ్యాటరూ ఇద్దరూ అవుటయితే 6-4-3 అని రాస్తారు, అంతే. బ్యాట్ ఊపి మూడో స్ట్రయిక్‌కి అవుటయితే కే అక్షరం. ఊపకుండా నిలబడి చూస్తూ అవుటయితే అదే అక్షరాన్ని తిరగేసి రాస్తారు. పన్నెండేళ్ళ పిల్లలకి ఇలాంటి గుప్తలిపి ఇష్టం. ఎడమ పేజీలో తిరగేసిన కే పడ్డప్పుడు కుడి పేజీలో ఏం జరగాలో మీరిద్దరూ తేల్చుకోండి. చేతిలో బ్యాట్ ఉండి కూడా కదలకుండా నిలబడిపోయిన మనిషి గురించి ఒక సీను తప్పకుండా వస్తుంది.

మీ మిత్రుడి సలహాలకి వద్దాం. షార్ట్ ఫిల్మ్ తీయడం వేరే పని. లొకేషన్, కెమెరా, పొద్దున్నే రాని నటుడు, భోజనాలు, ఎడిటింగ్. మీకు ఆ పని మీద మనసుందా అని తెలుసుకోవడానికి ఒకటే చూసుకోండి. ఆట అయిపోయి కారెక్కాక మీకు ఆ సినిమాయే ఇంకా బుర్రలో తిరుగుతుందా, లేక వచ్చే ఆటకి కొత్త పేరు వెతుక్కుంటున్నారా? కొత్త పేరు వెతుక్కునే మనిషైతే మీకు సినిమా తీయాలని లేదు, కల్పించాలని ఉంది. రెండోది చిన్నదేమీ కాదు. పోలండ్ రచయిత స్తనిస్వాఫ్ లెమ్ 1971లో అసలు లేని పుస్తకాల మీద సమీక్షలు రాసి ఒక పుస్తకమే వేశాడు. ఆ పుస్తకాలు కూడా రాయవచ్చు కదా అని ఆయన్ని ఎవరైనా అడిగారేమో తెలీదు కానీ, మీ మిత్రుడుంటే అడిగేవాడే. ఒకవేళ ఏదో ఒక కథ నెలల తరబడి వదలకుండా వెంటపడితే అప్పుడు కూర్చుని పూర్తి స్క్రిప్టు రాయండి. ‘ఎడమచేతి టైలరు’ అనే ఆలోచన ఒక్కదానికీ కాపీరైట్ ఉండదు, దాన్ని మీరు రాసిన తీరుకి ఉంటుంది.

ఏఐ పోస్టర్లు మాత్రం వద్దు. నాకు అవి చూడ్డానికే చిరాకు, మైనం పూసినట్టుంటాయి, వేళ్ళు లెక్కపెట్టుకోవాల్సి వస్తుంది. అది నా ఇష్టాయిష్టాల సంగతి, పక్కన పెట్టండి. మీ నోట్‌బుక్కులో ఏ హీరోని పెట్టుకున్నా అడిగేవాడు లేడు. కానీ నిజమైన నటుడి ముఖంతో, లేని సినిమాకి పోస్టర్ చేసి నలుగురిలో పెడితే అది వేరే విషయం. అనుమతి లేకుండా తన ముఖం, గొంతు వాడుకోకూడదని అనిల్ కపూర్ కోర్టుకి వెళ్తే 2023లో ఢిల్లీ హైకోర్టు ఆయన పక్షాన ఉత్తర్వులిచ్చింది, ఏఐతో చేసినవాటితో సహా. మీది వ్యాపారం కాదు నిజమే. అయినా మన అభిమానుల సంగతి మీకు తెలియనిదా? రెండు రోజుల్లో ‘అప్‌డేట్ ఎప్పుడన్నా?’ అని మొదలవుతుంది, నాలుగో రోజు తిట్లు. పోస్టర్ కావాలంటే మీ అమ్మాయి చేత క్రేయాన్లతో వేయించండి.

క్రికెట్‌కి వెళ్ళేవాళ్ళు నవ్వితే ఒక మాట చెప్పండి. వాళ్ళు వెళ్తున్న గ్రాండ్ ప్రెయిరీ స్టేడియం 2008లో బేస్‌బాల్ కోసం కట్టిందే. తర్వాత క్రికెట్‌కి మార్చారు, 2023లో మేజర్ లీగ్ క్రికెట్ అక్కడే మొదలైంది, 2024 జూన్ 6న అమెరికా జట్టు పాకిస్తాన్‌ని సూపర్ ఓవర్‌లో ఓడించిందీ ఆ మైదానంలోనే. బేస్‌బాల్ మైదానంలో కూర్చుని మిమ్మల్ని వెక్కిరిస్తున్నారన్నమాట. ఏడాదికి ఒకటి రెండు సార్లు వాళ్ళతో కూడా వెళ్ళండి. టీ20లో కల్పించడానికి ఖాళీ ఉండదు, ఆ డీజే గోలలో హీరో పేరు కూడా గుర్తుండదు, అయినా వెళ్ళండి. మనుషుల కోసం.

ఇప్పుడు శనివారం. మీ ఆవిడ ‘ఏం ఉపయోగం’ అని అడిగింది సినిమాల గురించి కాదని నాకు గట్టిగా అనిపిస్తోంది. పిల్లల్ని క్లాసులో దింపి, వాళ్ళు వచ్చేలోపు కిరాణా తెచ్చి, ఇంటికొచ్చి వంట మొదలుపెట్టే మనిషికి, అదే సమయంలో మొగుడు స్టాండ్స్‌లో కూర్చుని లేని సినిమాకి రివ్యూ రాస్తున్నాడని తెలిస్తే, ఆ సినిమా ఎంత బాగున్నా నచ్చదు. శనివారం పని గురించి ఆమె చేసిన ఫిర్యాదు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, మీరే ఆమె తరఫున ఒక వాక్యం రాశారు. అంటే మీకు తెలుసు. ఉపయోగం గురించి నన్ను వాదించమని అడిగారు, వాదన నెగ్గినా ఆ వాక్యం అక్కడే ఉంటుంది.

మీ అదృష్టం ఏమిటంటే మైనర్ లీగ్ షెడ్యూలు. మీ రఫ్‌రైడర్స్ ఆడే డబుల్ ఏ (మైనర్ లీగుల్లో ఒక మెట్టు) స్థాయిలో ఇప్పుడు ఒకే జట్టుతో వరసగా ఆరు ఆటలు, మామూలుగా మంగళవారం నుంచి ఆదివారం దాకా, సోమవారం సెలవు. సీజన్‌కి 138 ఆటలు, అందులో సగం సొంత మైదానంలో. శనివారమే వెళ్ళాలని రాసిపెట్టి ఏమీ లేదు. మంగళవారమో బుధవారమో సాయంత్రం వెళ్ళండి. జనం తక్కువ, పక్క సీటు ఖాళీ, నోట్‌బుక్కు పెట్టుకోవడానికి చోటుంటుంది. మర్నాడు ఆఫీసుందంటారా, గడియారం పుణ్యమా అని ఆట తొందరగా అయిపోతోందని మీరే అన్నారు కదా. ఆర్లింగ్టన్ ప్రయాణం నెలకొకటి చాలు.

శనివారం సాయంత్రం కూచిపూడి క్లాసుకి మీరు తీసుకెళ్ళండి. ‘నేను త్యాగం చేస్తున్నాను’ అనే ముఖం పెట్టుకుని కాదు, ముందు ఆవిడతో మాట్లాడి, ఆ సాయంత్రం ఆవిడకి ఖాళీగా ఉండాలనుందా, ఇంకేదైనా కావాలా అని అడిగి. ఆమెకీ ఏదో ఒక సరదా ఉండి ఉంటుంది, శనివారాలన్నీ మీరు తీసుకోవడంతో అది చెప్పే అవకాశం వచ్చి ఉండదు. ఆమె ఆటకి వస్తానంటే తీసుకెళ్ళండి, రాను అంటే బలవంతం వద్దు, సినిమా కథలు వినమని అసలు బతిమాలకండి. వచ్చే సీజన్ షెడ్యూలు రాగానే మధ్యవారం ఆటలు నాలుగైదు ఆమె ముందే గుర్తుపెట్టి, వాటిలో ఒకటి అమ్మాయితో అని రాసి, ఫ్రిజ్ మీద అంటించండి.